ఆరు గంటల ఫైలు

శోభ బిల్డు మిషన్ మీది గుడ్డ తీసి, కిటికీలోంచి చెయ్యి చాపి దులిపింది. కింద ట్రాక్టర్ సామాన్ల దుకాణం. దుమ్ము తన రేకుల మీద పడుతోందని ఆ దుకాణమాయన రోజూ తలెత్తి చూస్తాడు, శోభ రోజూ చూడనట్టే ఉంటుంది. ఈ రోజు ఆయన ఇంకా షట్టరు ఎత్తలేదు. గుడ్డ ఆమె పాత చీరలోంచి చింపిందే. అంచులు మడిచి చేత్తో కుట్టింది. ఆ నల్లపెట్టెలోకి దుమ్ము పోతే లోపలి ఫ్యాను గురక పెడుతుంది. గురక పెట్టిన రోజు ఫైలు ఆలస్యం. ఫైలు ఆలస్యమైతే తను ఇల్లు చేరడం ఆలస్యం. అందుకే ఊడ్చే మనిషి వచ్చేలోపు ఆ పని తనే చేసుకుంటుంది.

మహబూబ్‌నగర్‌లో కోయిలకొండ రోడ్డు మలుపు దగ్గర, మొదటి అంతస్తులో రెండు గదుల ఆఫీసు అది. పల్లెల్లో పాలకేంద్రాల దగ్గర తూకమూ వెన్న శాతమూ చెప్పే చిన్న మిషన్లుంటాయి. వాటిలో నడిచే ప్రోగ్రాము రాసేది ఇక్కడే. పగలంతా రమా, మిగతా పిల్లలూ తలా ఒక ముక్క మారుస్తారు. సాయంత్రం బిల్డు మిషన్ ఆ ముక్కలన్నీ కలిపి ఒక్క ఫైలుగా కడుతుంది. ఆ ఫైలు ఆరు గంటలకు హైదరాబాదులో డెయిరీ వాళ్ళ సర్వరుకు చేరాలి. రాత్రికి రాత్రి అక్కణ్ణించి ఊళ్ళ మిషన్లలోకి దిగుతుంది.

చేర్చేది శోభ. బిల్డు మిషన్‌కు ఇంటర్నెట్ లేదు. ఒకసారి వైరస్ సోకినప్పటి నుంచి సార్ దానికి తీగ తగలనివ్వలేదు. ఫైలు తయారైందని చూసి, పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, గదికి ఆ చివర ఉన్న ఇంకో కంప్యూటరు దగ్గరికి తెచ్చి, పాస్‌వర్డు కొట్టి పంపాలి. అటువైపు ఎంత చేరిందో ఇటువైపు ఎంత ఉందో సరిచూడాలి. ఆ తర్వాత లైట్లు ఆర్పి, తలుపు మూసి, మెట్లు దిగాలి. అప్పటికి ఆమె ఊరి బస్సు వెళ్ళిపోయి ఉంటుంది. షేర్ ఆటోలో అడ్డరోడ్డు దాకా పోయి, అక్కణ్ణించి గుట్ట పక్క బాటన నడక.

శోభ తాడుతో మెడలో వేసుకుని ఇంటికి కూడా తీసుకుపోయే పెన్‌డ్రైవ్‌కు ఒక ఇత్తడి గంట కట్టి ఉంటుంది. గొర్రెపిల్ల మెడలోది. ఒకసారి పెన్‌డ్రైవ్ కనబడక ఆఫీసంతా ఎత్తి పోస్తే, చివరికి శోభ టిఫిన్ సంచిలో చట్నీ డబ్బా అడుగున దొరికింది. సంగతి విని ఆమె భర్త మల్లికార్జున్ మందలోని ఒక పిల్ల మెడనుంచి గంట విప్పి తెచ్చాడు. "తప్పిపోయేదానికి గంట కడితె అయిపాయె" అన్నాడు. అప్పటినుంచి సాయంత్రం ఆ మూలనుంచి ఈ మూలకు గంట చప్పుడు నడిచి వస్తే, ఆఫీసులో ఎవరున్నా తలెత్తకుండానే "ఆరయింది" అనుకుంటారు. రమ అయితే "గొర్రెపిల్ల మేతకొచ్చింది" అంటుంది.

ఇంటర్ రెండో ఏడులో నాయిన కాలు విరిగి మంచాన పడితే శోభ చదువు ఆగింది. జిరాక్స్ దుకాణంలో టైపింగ్ నేర్చుకుంది. పాలు పోసే రైతుల పేర్లు ఎక్కించడానికి ఇక్కడ చేరింది. సాయంత్రం ఆరింటిదాకా ఎవరుంటారని సార్ అడిగిన రోజు అందరూ తలా ఒక కారణం చెప్పారు. శోభకు అప్పుడు పాప పుట్టలేదు, చెప్పడానికి కారణం లేదు. తర్వాత పాప పుట్టింది, కారణం వచ్చింది. కానీ అప్పటికే ఆ పని ఆమె మీద పడిపోయింది.

పాప పేరు సుహాసిని. శోభ అత్త గుర్వమ్మకు ఆ పేరు నోరు తిరగదు. సువాసన అంటుంది.

బోనాలప్పుడు పాపకు జ్వరం వచ్చింది. పొద్దుగూకే వేళకు ఫిట్లు వచ్చాయి. గుర్వమ్మ "తాళం, తాళం!" అని కేకలు వేసుకుంటూ, ఫిట్లకు చేతిలో ఇనుము ఉండాలని, నడుముకున్న సందుగు తాళం లాగి పిల్ల పిడికిట్లో ఇరికించి, వేళ్ళు విప్పుకోకుండా తన చేత్తో అదిమి పట్టింది. పక్కింటి వాళ్ళు ఫోను చేసేసరికి శోభ ఇక్కడ కంప్యూటరు ముందు నిలబడి, తెర మీద ఆకుపచ్చ గీత మెల్లగా నిండటం చూస్తోంది. సగమే నిండింది. వదిలేసి పోతే సగం ఫైలు పోతుంది. ఆ గీత నిండేదాకా నిలబడింది. నిలబడిన ఆ కొంచెం సేపు ఇప్పటికీ ఆమె కడుపులో ఎక్కడో అట్లాగే ఉంది.

దవాఖానలో డాక్టరమ్మ తిట్టింది. చేతిలో ఏమీ పెట్టొద్దు, నోట్లో ఏమీ పెట్టొద్దు, పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, సాయంత్రం పూట జ్వరం ఎక్కుతుంది కాబట్టి అప్పుడు తల్లి దగ్గరుండాలి అంది. మల్లికార్జున్ మందతో కృష్ణ ఒడ్డు దిక్కు పోతే నెలల తరబడి రాడు. తల్లి అంటే ఇక శోభే.

ఆ తర్వాత కొద్ది రోజులకే డెయిరీ నుంచి మాట వచ్చింది. ఇక పెన్‌డ్రైవ్‌లూ పాస్‌వర్డులూ కుదరవు, ఫైలు మిషన్ నుంచి మిషన్‌కే రావాలి, మధ్యలో మనిషి చెయ్యి ఉండకూడదు, నెల తర్వాత పాస్‌వర్డు దారి మూసేస్తాం అని. సార్ గోపీకృష్ణ హైదరాబాదు నుంచి ఎవరినో పిలిపిస్తానన్నాడు. శోభ ఆయన టేబుల్ ముందుకు పోయి నిలబడింది.

"నేను జేస్త సార్. రమ చెప్తది, నేను నేర్చుకుంట."

గోపీకృష్ణ పెన్ను కింద పెట్టాడు. "శోభా, ఒక మాట ముందే చెప్తున్న. ఇది నడిస్తే ఆరింటి పని ఉండదు. పేర్లెక్కిచ్చే పని కూడ ఇప్పుడు కేంద్రాలల్లనే అయితాంది. నీకు ఇంకో పని చూస్త గని, మాట ఇయ్యలేను."

"నడవనియ్యిండ్రి సార్."

"నీ కాళ్ళ కింద నేల నువ్వే తవ్వుకుంటున్నవ్."

"తవ్వేటోళ్ళు ఎట్లయిన వస్తరు గద సార్. నేను తవ్వితే జర తొందరగ అయితది."

ఆ నెల గడువు ఈ రోజుతో తీరుతుంది. సాయంత్రం ఆరింటికి పాస్‌వర్డు దారి మూసుకుపోతుంది.

నిన్ననే బిల్డు మిషన్‌కు తీగ వచ్చింది. డెయిరీ వాళ్ళ ఆ ఒక్క చిరునామాకు తప్ప ఇంకెక్కడికీ పోకుండా సార్ దారులన్నీ కట్టేశాడు. రమ నేర్పినట్టు శోభ పొద్దున్నే, పాస్‌వర్డుకు బదులుగా, మిషన్ చేత ఒక జత ఫైళ్ళు చేయించింది. రెంటిలో ఒకటి డెయిరీ వాళ్ళకు పంపేది, ఒకటి ఇక్కడే దాచుకునేది. పంపేది ఏదో అడుగుదామంటే, రమ బస్సు జడ్చర్ల దగ్గర ఆగిపోయిందట, ఫోను ఎత్తడం లేదు. ఆగే ఓపిక లేక శోభ డెయిరీలో సర్వరు చూసుకునే మెర్సీకి ఫోను చేసింది. ఇద్దరూ ఎన్నడూ ఒకరినొకరు చూసుకోలేదు. రోజూ ఆరింటికి "చేరిందా మేడం", "చేరిందండీ" అనుకునే పరిచయమే.

"మేడం, మిషన్ రెండు ఫైళ్ళు చేసింది. మీకు ఏది పంపాలె?"

"మీ తాళం పంపండి, చాలు. ఇంకోటి మాత్రం ఎవ్వరికీ ఇవ్వకండి" అంది మెర్సీ. వెనకాల ఆమెను ఇంకెవరో పిలుస్తున్నారు.

శోభకు సందేహమే రాలేదు. ఆమె ఎరిగిన తాళం ఒక్కటే. బండి తాళం, సందుగు తాళం, ఆఫీసు తాళం. నడుముకు దోపుకునేది, చేత్తో పట్టి తిప్పేది. రెంటిలో తెరిచేది ఏదో రమ చెప్పే ఉంది. దాన్ని మెయిల్లో పెట్టి పంపింది. పంపాక నీళ్ళు తాగింది.

సీసా మూత పెట్టేలోపే ఫోను మోగింది.

"శోభగారూ, ఏం పంపారండీ ఇది?"

"మీరు అడిగిన తాళమే మేడం."

"ఇది తాళంచెవి అండీ! నేను అడిగింది తాళం!"

"తాళమంటే తాళమే గద మేడం. తిప్పి తీసేది."

"తిప్పి తీసేది తాళంచెవి. తలుపుకి వేలాడేది తాళం."

"తలుపుకు ఏలాడేదా? అది తాళంకప్ప!"

అటుపక్క మెర్సీ నవ్వింది. ఆపుకుందామని చూసి, మళ్ళీ నవ్వింది. శోభకు నవ్వు రాలేదు. చేసిన పని అరికాళ్ళ నుంచి పైకి ఎక్కుతోంది.

"వినండి" అంది మెర్సీ, గొంతు సర్దుకుని. "మీ కప్ప మాకిస్తే మేం మా తలుపుకి వేసుకుంటాం. దాన్ని తీసేది మీ దగ్గరే ఉంటుంది. అప్పుడు మీరు తప్ప ఇంకెవరూ తీయలేరు. ఇప్పుడు మీరు తీసేదాన్నే మెయిల్లో పంపించేశారు. దారిలో ఎవరైనా చూసి ఉండొచ్చు. ఈ జత ఇంక పనికిరాదు. జరిగింది మా పెద్దాయనకి రాయాలి. ఆయన ఒప్పుకుంటేనే కొత్తది తీసుకుంటాను."

"ఇయ్యాల ఆరింటి వరకు అయితదా మేడం?"

"మధ్యాహ్నం దాటుతుందండీ. ఆరింటికి పాత దారి మూసేయడం మాత్రం నా చేతిలో లేదు."

గోపీకృష్ణ మెట్లెక్కి వస్తుంటే శోభ గడప దగ్గరే చెప్పేసింది. దాచి పెట్టుకుంటే ఇంకా బరువవుతుందని ఆమెకు తెలుసు.

"సార్, కప్పకు బదులు తాళం పంపిన."

ఆయనకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక హెల్మెట్ చేతిలోనే పట్టుకుని కుర్చీలో కూలబడ్డాడు. "శోభా, ఇది ఇయ్యాల నడవకపోతే డెయిరీ పోతది. డెయిరీ పోతే అందరం కలిసి కింద ఆయన దగ్గర బోల్టులు అమ్ముకోవాలె."

"నడుస్తది సార్."

"ఎట్ల నడుస్తది?"

"ఎట్లనో నాకు ఎరుక లేదు సార్. నడుస్తది."

రమ వచ్చి సంగతి వినగానే బ్యాగు భుజం మీదే ఉంచుకుని నవ్వింది. "కప్పను పంపమంటే పామును పంపినవా అక్కా?" శోభ ముఖం చూసి నవ్వు ఆపేసింది. పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఫికర్ చెయ్యకు. ఆళ్ళు ఒప్పుకునే దాంక మనం మిగిలింది జేస్తం. నువ్వు రోజు ఏమేం జేస్తవో చెప్పు. నేను రాస్త."

శోభ చెప్పింది. చెప్పడం కష్టమైంది. ఇన్నేళ్ళూ చేతులు చేసిన పని, నోటితో ఎప్పుడూ చెప్పలేదు. కళ్ళు మూసుకుని, చేతులు గాలిలో కదిలిస్తూ, ముందు ఏం చేస్తుందో తర్వాత ఏం చేస్తుందో వెతుక్కుంటూ చెప్పింది. ఫైలు తయారైందని ఎట్లా తెలుస్తుంది? లోపలి ఫ్యాను నెమ్మదిస్తుంది. "ఫ్యాను మాట మిషన్‌కు చెప్పలేం అక్కా" అని రమ దానికి బదులు ఇంకేదో రాసింది.

"ముందుగాల వేరే పేరుతోని పంపాలె" అంది శోభ. "మొత్తం చేరినంక అసలు పేరు పెట్టాలె."

"ఎందుకు?"

"ఒకనాడు పంపుతుంటె కరెంటు పోయింది. సగం ఫైలే ఊళ్ళల్లకు దిగింది. తెల్లారి మిషన్లు మూగబోయినయ్. మా ఊళ్ళె జనం పాలక్యాన్లు పట్టుకొని ఎండల నిలవడ్డరు. మా అత్తమ్మ సుత నిలవడ్డది. గది నేను పంపిందే అని నేను ఆమెకు చెప్పలే."

రమ కీబోర్డు మీది చెయ్యి తీసి ఆమె వైపు చూసింది. తర్వాత ఆ మాట కూడా రాసింది.

మధ్యాహ్నం అందరూ అన్నం తిన్నారు. శోభ డబ్బా విప్పి మళ్ళీ మూసింది. బయట రోడ్డు మీద సీతాఫలాల గంపలు దింపుతున్నారు. పండిన వాసన కింది గ్రీసు వాసనతో కలిసి కిటికీలోంచి లోపలికి వస్తోంది. పాపకు సీతాఫలం ఇష్టం. గింజలు దాచుకుంటుంది. జ్వరం తగ్గేదాకా వద్దని పొద్దున చెప్పి వచ్చింది. రాత్రే కొంచెం ఒళ్ళు వెచ్చబడింది. మందు ఎప్పుడు పోయాలో అత్తకు మళ్ళీ మళ్ళీ చెప్పింది, ఆమె మళ్ళీ మళ్ళీ తలూపింది. ఆ తలూపుడు మీద శోభకు నమ్మకం లేదు.

మెర్సీ ఫోను వచ్చింది. "ఒప్పుకున్నారండీ. కప్ప పంపండి. కప్పే సుమా!"

"కప్పనే మేడం" అంది శోభ. ఆఫీసంతా నవ్వింది, ఈసారి ఆమె కూడా.

కొత్త జత చేసింది. కప్పను పంపింది. తాళాన్ని మెయిల్లో గానీ పెన్‌డ్రైవ్‌లో గానీ పెట్టలేదు. బిల్డు మిషన్ లోపల రహస్యాలు దాచే అర ఒకటి ఉందని రమ చూపించింది. అందులో ఒకసారి వేశాక, వేసినవాళ్ళకు కూడా చుక్కలు తప్ప ఏమీ కనబడవు. మిషన్ మాత్రం అవసరమైనప్పుడు తీసుకుంటుంది, వాడుకుంటుంది, మళ్ళీ దాచుకుంటుంది. శోభ తాళాన్ని అందులో వేసి, బయట మిగిలింది తుడిచేసింది. తెర మీద చుక్కలు వరసగా నిలబడ్డాయి. ఇంక అది ఆమె చేతికి రాదు.

ఖాళీ ఫైలు ఒకటి పెట్టి మొదటిసారి నడిపించారు. నడవలేదు. తప్పు అని కూడా అనలేదు. అట్లాగే ఆగింది, బురదలో దిగబడ్డ బండి మాదిరిగా.

అప్పుడే గుర్వమ్మ ఫోను.

"ఓ శోభా, సువాసనకు ఒళ్ళు కాలుతాంది."

"ఎంత కాలుతాంది అత్తమ్మా?"

"ఎంతని చెప్పాలె? పెంక మీద రొట్టె ఏసినట్టుంది."

"గులాబి సీస మందు పోసినవా?"

"పోసిన. సగం బయటికే ఊంచింది. నువ్వు ఎప్పుడొస్తవ్?"

"బస్సుకొస్త."

"ఏ బస్సుకు?"

"మన ఊరి బస్సుకు."

"గా బస్సు నీకు ఏనాడన్న దొరికిందా పిల్లా?"

"ఇయ్యాల దొరుకుతది. తడిబట్టతోని ఒళ్ళు తుడువు. చన్నీళ్ళు వద్దు, మామూలు నీళ్ళు."

"తాళం మెత్త కింద పెట్టిన. నువ్వు ఫికర్ చెయ్యకు" అని అత్త ఫోను పెట్టేసింది.

శోభ ఫోనును బోర్లా పెట్టింది. కుర్చీని తెర దగ్గరికి జరుపుకుంది.

"ఎందుకు ఆగింది?" అని రమను అడిగింది.

"దొరికింది అక్కా. మన మిషన్ ఆ సర్వరు తలుపును మొదటిసారి చూస్తాంది గద. ఇది మీరెరిగిన తలుపేనా, అవునా కాదా అని అడుగుతాంది. అవును అని కొట్టాలె. కొట్టనీకి మనిషి ఉండడు. అందుకే ఆగింది." రమ గోడ మీది గడియారం చూసింది. "ఏ తలుపైనా సరే అవునను అని ఒక ముక్క రాసేస్తే అయిపోతది. గట్ల రాయొద్దంటరు గని... ఇయ్యాల్టికి రాద్దామా? రేపు తీసేద్దాం."

శోభ కూడా గడియారం చూసింది. ఆ ముక్క రాస్తే బస్సు దొరుకుతుంది. ఒళ్ళు కాలుతున్న పిల్ల కళ్ళ ముందు ఉంది. కానీ రేపు తీసేద్దామని పెట్టినవి ఎవరూ తీయరని ఆమెకు తెలుసు. ఈ ఆరింటి పని కూడా, కొద్ది రోజులే అని ఆమెకిచ్చిందే.

"వద్దు. ఎవని తలుపు కనవడితె వానికి ఇచ్చొస్తదా? తలుపు ఆళ్ళదే అని గుర్తువట్టే ఉపాయం లేదా?"

"ఉంది. తలుపుకు వేలిముద్ర ఉంటది. అక్షరాలు, అంకెలు, ఇంత పొడుగు. మనకు కనవడ్డది, ఆళ్ళది ఒక్కటే అయితే రాసిపెట్టుకోవచ్చు."

శోభ మెర్సీకి ఫోను చేసింది. మెర్సీ అక్కడ చదివింది, శోభ ఇక్కడ తెర మీద వేలు పెట్టి ఒక్కో అక్షరం దాటింది. పెద్ద అక్షరమా చిన్న అక్షరమా అని ప్రతిసారీ అడిగింది. మెర్సీ విసుక్కోలేదు. మధ్యలో ఒకచోట తప్పినట్టనిపించి ఇద్దరూ మొదటికి వచ్చారు. రేషను దుకాణంలో అత్త బొటనవేలు అరిగిపోయి మిషన్ ఒప్పుకోక, తుడిచి తుడిచి మళ్ళీ మళ్ళీ పెట్టడం శోభకు గుర్తొచ్చింది. చివరి అక్షరం కలిసింది.

"అంతేనండీ" అంది మెర్సీ. "అదే మా తలుపు."

రమ దాన్ని మిషన్‌లో రాసింది. మళ్ళీ నడిపించారు. ఈసారి ఆగలేదు. తెర మీద వరసలు ఒకదాని కింద ఒకటి గబగబా పడ్డాయి. తాళం తీసింది, వేరే పేరుతో పంపింది, సరిచూసింది, అసలు పేరు పెట్టింది, తలుపు మూసింది. శోభ, రమ, సార్ ముగ్గురి ఫోన్లూ ఒకేసారి టింగుమన్నాయి. ఫైలు అందింది, అని డెయిరీ సర్వరు నుంచి ఒక చిన్న వరస.

గోపీకృష్ణ తన గదిలోంచి లేచి వచ్చి తెర చూశాడు.

"ఇది ఉత్త ఫైలు సార్. అసలుది ఆరింటికి దానంతట అదే పోతది" అంది శోభ. టిఫిన్ సంచి తీసుకుంది. "నేను పోత."

"ఆరు గాకుండనే?"

"బిడ్డకు జెరమొచ్చింది సార్."

"నువ్వు పో అక్కా, నేను కూసుంట" అంది రమ. "పోయిందా లేదా చూసి నీకు ఫోన్ జేస్త."

శోభ మెట్ల దగ్గరికి పోయినదల్లా వెనక్కి వచ్చింది. "వద్దు రమా. ఇయ్యాల నువ్వు కూసుంటే రేపు నిన్నే కూసోమంటరు. మనిషి కూసుంటే ఇది నడిచినట్టు గాదు. లే. అందరు లెవ్వుండ్రి. సార్, మీరు సుత."

"పోకపోతే?" అన్నాడు గోపీకృష్ణ.

"పోతది సార్."

ఆయన ఇల్లూ, పెట్టిన ఆఫీసూ, అన్నీ ఆ నల్లపెట్టె మీదే ఉన్నాయి. గోపీకృష్ణ వెళ్ళి తన హెల్మెట్ తెచ్చుకున్నాడు.

మెడలోని పెన్‌డ్రైవ్‌ను శోభ తాడుతో సహా తీసింది. ఎక్కడ పెట్టాలో తోచలేదు. బిల్డు మిషన్ వెనక గోడకు ఒక మొల ఉంది, ఎప్పుడో క్యాలెండరు వేలాడింది దానికే. దానికి తగిలించింది. లైట్లు ఆర్పారు. చీకటి గదిలో మిషన్ ముందరి చిన్న నీలం దీపం ఒక్కటే వెలుగుతోంది. ఎప్పటిలా శోభే తలుపు మూసి కప్ప వేసింది, తాళం తిప్పింది. ఆఫీసు పెట్టినప్పటి నుంచీ ఆరు కాకముందు ఆ తలుపుకు కప్ప పడటం అదే మొదలు. దుకాణమాయన గల్లా దగ్గర నుంచి తల బయట పెట్టాడు. "ఏమ్మా, ఇయ్యాల మీకు సెలవా?"

"సెలవే అన్నా" అంది శోభ, అప్పటికే పరుగు లాంటి నడకలో.

బస్సు దొరికింది. కిటికీ పక్కన సీటు కూడా దొరికింది. వెలుతురుండగా ఈ రోడ్డు చూసి ఎన్నాళ్ళయిందో. గుట్టల మీద బండరాళ్ళు ఎర్రగా ఉన్నాయి. కోసిన జొన్నచేలో ఎవరిదో మంద తిరుగుతోంది. ఫోను అరచేతిలో చెమటకు తడిసింది. బస్సు గుట్టల మధ్యకు దిగగానే సిగ్నల్ పోయింది. ముందు సీటు ముసలాయన చేతి గడియారంలో ఆరు దాటడం చూసింది. ఇప్పుడు అక్కడ ఫ్యాను తిరుగుతూ ఉంటుంది. లేకపోతే ఆగిపోయి ఏదో అడుగుతూ ఉంటుంది, జవాబు చెప్పడానికి ఎవరూ లేకుండా. ఆమె కళ్ళు మూసుకుంది. ఒళ్ళో చేతులు వాటంతట అవే కదిలాయి. ఎక్కించు, తీసుకుపో, పంపు, సరిచూడు.

ఇంటికి పోయేసరికి పాప మంచం మీద ముడుచుకుని ఉంది. గుర్వమ్మ తడిబట్ట పట్టుకుని పక్కన కూర్చుంది. శోభను చూసి, బయటి వెలుతురును చూసి, మళ్ళీ శోభను చూసింది. "నిజంగనే బస్సు దొరికిందా!"

శోభ చెప్పులు విడిచి పాప నుదుటి మీద చెయ్యి వేసింది. గిన్నెలో నీళ్ళు మార్చింది. మెడ కింద, చంకల్లో తుడుస్తూ కూర్చుంది. పాప కళ్ళు తెరిచి "అమ్మా, గంటేది?" అంది. రోజూ వీధి మలుపులో వినబడే చప్పుడు ఈ రోజు వినబడలేదు కదా.

"ఆఫీసుల పెట్టిన."

ఆ తర్వాత పాప కళ్ళు పైకి తేలిపోయాయి. ఒళ్ళు బిగుసుకుంది. గుర్వమ్మ "తాళం, తాళం" అంటూ మెత్త కింద చెయ్యి పెట్టింది. శోభ పాపను పక్కకు తిప్పింది. తల కింద తన అరచెయ్యి ఆనించింది. మెడ దగ్గరి గుండీ విప్పింది. భయం లేక కాదు. భయపడుతూనే అన్నీ చేసింది.

"చేతిల వద్దు అత్తమ్మా. పక్కన పెట్టు. ఆడనే ఉండనియ్యి."

గుర్వమ్మ ఇనుప తాళాన్ని పాప వీపు పక్కన, దుప్పటి మీద పెట్టింది. ఇద్దరూ పాపనే చూస్తూ కూర్చున్నారు. సంచిలో ఎక్కడో ఫోను టింగుమంది. శోభ కదల్లేదు. పాప చేతి వేళ్ళు ఒక్కొక్కటే వదులయ్యాయి. పొడుగ్గా ఊపిరి తీసుకుంది. తర్వాత ఏడ్చింది. ఆ ఏడుపు విని గుర్వమ్మ కూడా ఏడ్చింది. శోభ పిల్లను ఒళ్ళోకి తీసుకుని, సర్కారు అంబులెన్సుకు చెప్పమని పక్కింటివాళ్ళను కేకేసింది.

దవాఖాన బెంచీ మీద కూర్చున్నాక ఫోను చూసింది. ఫైలు అందింది, అని ఉంది. దాని కింద గోపీకృష్ణ, రమ ఇద్దరూ ఏమేమో రాశారు. అవి చదవలేదు. మొదటి వరసనే ఇంకోసారి చదివి, ఫోను సంచిలో పెట్టింది.

ఆ నెల చివర శోభ పని మానింది. ఎవరూ మానమనలేదు. ఫైలు రోజూ దానంతట అదే పోతోంది. పేర్ల పని అయిపోయింది. ఆమె ఒక మూల కూర్చుని అందరి టీ గ్లాసులూ లెక్కపెట్టే పరిస్థితి వచ్చింది. గోపీకృష్ణ హైదరాబాదులో తన దోస్తు ఆఫీసులో ఒక జాగా ఉందన్నాడు.

"బిడ్డనిడిచి ఏడికి పోత సార్?"

"నేను ముందే..." అని ఆయన ఆగాడు.

"చెప్పిన్రు సార్. నేను ఇన్న." ఆఫీసు తాళం ఆయన టేబుల్ మీద పెట్టింది. మిషన్ లోపల దాచిన తాళం మాత్రం ఇవ్వడానికి రాదు, తీసుకుపోవడానికీ రాదు. అది అక్కడే ఉంటుంది.

ఊళ్ళో పాలకేంద్రంలో పొద్దున పూట కూర్చునే మనిషి కావాలన్నారు. శోభ కూర్చుంటోంది. చిన్న మిషన్ తెల్లవారుజామున ఒకసారి మిణుకుమని, కొత్త అంకె ఒకటి చూపి, పనిలోకి దిగుతుంది. ఇన్నేళ్ళూ పంపడమే గానీ అది వచ్చి దిగడం ఆమె ఎన్నడూ చూడలేదు. సుహాసిని పక్కన గోనెసంచి మీద కూర్చుని సీతాఫలం గింజలు వరసగా పేరుస్తుంది. పొద్దుగూకే వేళకు శోభ ఇంట్లోనే ఉంటుంది.

ఒక రోజు రమ ఫోను చేసింది. "అక్కా, నీ గొర్రెపిల్ల ఈడనే ఉంది. పంపియ్యాల్నా?"

"ఏడుంది?"

"నువ్వు పెట్టిన మొలకే. సార్ ఎవ్వర్నీ ముట్టనిస్తలేడు. గుడ్డ నేనే దులుపుతున్న, కింద ఆయన నన్ను సుత చూస్తున్నడు."

శోభ నవ్వింది. "ఉండనియ్యి" అంది.

అది అక్కడే ఉంది. సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక, నల్లపెట్టె లోపలి ఫ్యాను తిరగడం మొదలవుతుంది. వెనకనుంచి వచ్చే ఆ వెచ్చటి గాలికి మొలకున్న ఇత్తడి గంట ఒకసారి కదిలి, గోడకు తగిలి, ఊరుకుంటుంది.